నాడిని చదువు గడియారము – కల్పితలోకమును చూపు కండ్లద్దము



గత సంవత్సరము వైజ్ఞానిక ప్రదర్శనము నాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు తన మణికట్టున నున్న గడియారమును మాకు చూపి, "మాస్టారూ, నా గుండె నిమిషమునకు 72 సార్లు కొట్టుకొనుచున్నదని ఇది చెప్పుచున్నది. నా గుండె సంగతి దీనికెట్లు తెలిసినదండీ?" అని యడిగెను. ప్రక్కనున్న బాలిక యొకతె, "మా అన్నయ్య కండ్లకు పెట్టెవంటి యద్దము కట్టుకొని, కుర్చీలో కూర్చుండియే కొండలెక్కినాడట. దానిని ఆసుపత్రులలో కూడ వాడుదురట. నిజమేనా మాస్టారూ?" అని యడిగెను. ప్రశ్నలు చిన్నవే. కాని వానికి సమాధానము చెప్పుటకు భౌతికశాస్త్రము, శరీరశాస్త్రము, గణితము మూడును కావలసివచ్చినవి. ఆనాడు గంట మ్రోగుటచే సగములో నిలిచిన సమాధానమును ఈ సంచికయందు పూర్తి చేయదలచితిమి.

ఈ రెండు యంత్రములును బయోమెడికల్ ఇంజనీరింగు అను శాస్త్రమునకు చెందినవి. యంత్రనిర్మాణ విద్యను రోగుల యుపయోగమునకు మరల్చునదే యీ శాస్త్రము. శరీరముపై ధరింపబడు సెన్సారు, అనగా గ్రహించు సాధనము, లోపలి వార్తను వెలుపలికి తెచ్చును. వర్చువల్ రియాలిటీ యను కల్పితదృశ్య యంత్రము వెలుపలి నుండి యొక వార్తను లోపలికి పంపును. మొదటిది శరీరము చెప్పునది వినును. రెండవది మనస్సుతో మాటలాడును. ఈ రెంటిని గూర్చి చదువునప్పుడు ఒక్క సంగతిని మఱువరాదు. యంత్రము చూపు అంకె సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. ఈ పాఠమును మేము పుస్తకము వలన గాక మా పొరపాటు వలన నేర్చుకొంటిమి. దానిని తగిన చోట చెప్పెదము.

1. ఐదుగురు నడిపిన యంత్రము

హృదయము కొట్టుకొనునప్పుడెల్ల అందు స్వల్పమైన విద్యుత్తు పుట్టి చర్మము వఱకు వ్యాపించును. చర్మముపై నది సుమారు ఒక వోల్టులో వేయవ వంతు మాత్రమే యుండును. ఇంత సూక్ష్మమైన దానిని స్పష్టముగ లిఖించు యంత్రమును 20వ శతాబ్దపు టారంభమున హాలండు దేశమునందలి లైడెను పట్టణములో విల్లెం ఐంథోవెను అను పండితుడు నిర్మించెను. అది సుమారు 270 కిలోల బరువు. దానిని నడుపుటకు ఐదుగురు మనుష్యులు కావలసియుండిరి. రోగి తన రెండు చేతులను, ఒక కాలిని ఉప్పునీటి పాత్రలలో నుంచి కదలక కూర్చుండవలెను. యంత్రమును ఆసుపత్రికి మోసికొనిపోవుట యసాధ్యము గావున, 1905లో ఆయన సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరమునందున్న ఆసుపత్రి నుండి టెలిఫోను తీగె ద్వారా రోగుల హృదయపు వార్తను తన ప్రయోగశాలకు రప్పించెను. 1924లో ఆయనకు నోబెలు బహుమాన మీయబడెను.

కాని మంచముపై పరుండినప్పుడు కొన్ని నిమిషములు తీసిన లిఖితము వలన గుండె సంగతి యంతయు తెలియునా? మెట్లెక్కునప్పుడు, పొలములో పని చేయునప్పుడు, నిద్రించునప్పుడు అది యెట్లున్నది? అమెరికాలో మోంటానా రాష్ట్రమునందలి హెలీనా పట్టణవాసియగు నార్మన్ హోల్టరు ఈ ప్రశ్న వేసికొనెను. 1940 దశాబ్దపు చివర నాయన నిర్మించిన మొదటి యంత్రమును వీపున మోయవలసియుండెను. దాని బరువు సుమారు 38 కిలోలు, అనగా మన రైతులు మోయు 75 కిలోల ధాన్యపు బస్తాలో సగము. ఆయన తన పద్ధతిని గూర్చి 1961లో వ్యాసము ప్రకటించునాటికి ఆ భారము మిక్కిలి తగ్గెను. నేటికిని రోగి యొక దినమంతయు ధరించు ఆ పరీక్షను వైద్యులు హోల్టరు పరీక్ష యనియే పిలుతురు. ధరించు యంత్రముల చరిత్ర యంతయు ఈ యొక్క ప్రశ్ననుండియే పెరిగినదని చెప్పవచ్చును: మనుష్యుడు తన పనిలో నుండగా నతని శరీరమును తెలిసికొనుట యెట్లు?

2. వెలుగుతో నాడిని చూచుట

ఇక గడియారము సంగతి చూతము. రాత్రివేళ టార్చిలైటును వెలిగించి, దాని ముఖముపై మీ వ్రేళ్ల నుంచుడు. వ్రేళ్లు ఎఱ్ఱగ వెలుగును. తెల్లని వెలుగులో అన్ని రంగులు నున్నను, ఎఱుపు మాత్రమే మాంసము గుండ వెలుపలికి వచ్చినది. ఆకుపచ్చని వెలుగును రక్తము చాలవఱకు మ్రింగివేసినది. గడియారము వెనుకభాగమున మినుకు మినుకుమను ఆకుపచ్చని దీపమును మీరు చూచియుందురు. అది చర్మములోనికి వెలుగును పంపును. దాని ప్రక్కనున్న చిన్న కన్ను తిరిగి వచ్చు వెలుగును కొలుచును. గుండె కొట్టుకొన్నప్పుడు మణికట్టులోని రక్తము క్షణకాలము హెచ్చును. తిరిగి వచ్చు వెలుగు తగ్గును. మఱుక్షణమున రక్తము తగ్గి వెలుగు హెచ్చును. ఈ హెచ్చుతగ్గులు అలలవలె వచ్చుచుండును. నిమిషమునకు ఎన్ని యలలో అన్ని నాడి దెబ్బలు. గడియారము గుండెను చూడలేదు, వినలేదు. వెలుగు యొక్క అలలను లెక్కించినది.

వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు దీనికి తోబుట్టువే. దీని మూలసూత్రమును జపాను దేశపు ఇంజనీరగు టకువో అయోయగి 1974లో ప్రకటించెను. ఇందు రెండు వెలుగులు గలవు: ఒకటి సుమారు 660 నానోమీటర్ల ఎఱ్ఱని వెలుగు, రెండవది సుమారు 940 నానోమీటర్ల పరారుణ కిరణము. ఈ రెండవది కంటికి కనబడదు. ప్రాణవాయువును మోయుచున్న హీమోగ్లోబిను పరారుణ కిరణమును హెచ్చుగ మ్రింగును. ప్రాణవాయువు లేని హీమోగ్లోబిను ఎఱ్ఱని వెలుగును హెచ్చుగ మ్రింగును. యంత్రము ఈ రెంటి నిష్పత్తిని కట్టి, ముందుగా ఆరోగ్యవంతులైన కొందఱిపై పరీక్షించి చేసికొన్న పట్టికతో పోల్చి, "97" అని యో "93" అని యో చూపును. ఈ పట్టికను జ్ఞాపకముంచుకొనుడు. దానితో పని మఱల పడును.

నడకలను లెక్కించు సాధనము వేఱు. నిలిచియున్న బస్సు హఠాత్తుగ కదలినప్పుడు మనము వెనుకకు వాలుదుము గదా. గడియారములోని సిలికాను ముక్కపై వెండ్రుకకంటె సన్నని దువ్వెన పండ్లవంటి భాగములు చెక్కబడియుండును. చేయి కదలినప్పుడెల్ల అవి మనవలెనే వాలును. వాని నడుమ దూరము మారుటచే విద్యుత్తులో గలుగు మార్పే నడకయొక్క లెక్క. వృద్ధులు పడిపోయినప్పుడు ఇంటివారికి కబురు పంపు గడియారములలో నున్నదియు నిదియే.

మధుమేహ రోగులు భుజమున నంటించుకొను చక్కెర సెన్సారును చూడుడు. అది రక్తములోని చక్కెరను కొలుచుచున్నదని యనేకులు తలతురు. నిజమునకు అది చర్మము క్రింద, కణముల నడుమనుండు ద్రవములోని చక్కెరను కొలుచును. రక్తములో మార్పు గలిగిన కొన్ని నిమిషములకు గాని ఆ ద్రవములో మార్పు కానరాదు. కావున చక్కెర శీఘ్రముగ పడిపోవుచున్నప్పుడు, యంత్రపు టంకె కొంచెము పాతవార్త యగును.

వీనినన్నిటిని ఒకచోట చేర్చి చూచిన నొక సామాన్యసూత్రము దొరకును. మనకు కావలసినది నాడి. యంత్రము కొలిచినది వెలుగు. మనకు కావలసినది రక్తములోని చక్కెర. యంత్రము కొలిచినది వేఱొక ద్రవము. కోరినదానికిని కొలిచినదానికిని నడుమ ఒక వంతెన యున్నది. ఆ వంతెన ఎప్పుడు నిలుచును, ఎప్పుడు విఱుగును అని తెలిసికొనుటయే యీ విద్యలో ముఖ్యభాగము.

3. మా తరగతిలో చేసిన పరీక్ష

ఆ వంతెనను పరీక్షింపదలచి 24 మంది విద్యార్థులను ఇద్దఱిద్దఱుగ కూర్చుండబెట్టితిమి. బొటనవ్రేలు గాక తక్కిన రెండు వ్రేళ్లను మణికట్టున నుంచి ఒకరి నాడిని ఒకరు లెక్కించిరి. మొదట 15 సెకనులు లెక్కించి 4చే గుణించిరి. తరువాత నిండు నిమిషము లెక్కించిరి. రెండు లెక్కలు కలియని జంటలు పెక్కు. కారణమేమి? 15 సెకనులలో ఒక్క దెబ్బ తప్పిన, గుణకారము వలన నాలుగు దెబ్బల తప్పగును. తొందరపడి చేసిన కొలతలో చిన్న తప్పు పెద్దదగునని వారికి వేఱుగ బోధింపనక్కఱ లేకపోయెను.

పిమ్మట గడియారమును పరీక్షించితిమి. కుదురుగ కూర్చున్నప్పుడు అది వ్రేళ్ల లెక్కకు చాల దగ్గఱగ నుండెను. తరువాత నొక బాలుడు నిలుచున్న చోటనే, మజ్జిగ చిలికినట్లు ఆ చేతిని ఆడింపసాగెను. గడియారము 120 చూపెను. రెండవ చేతిపై లెక్కించిన నాడి 88 మాత్రమే. చేయి ఊగుటచే చర్మమునకును దీపమునకును నడుమ సందు హెచ్చుతగ్గులగుచుండెను. వెలుగు అలలై వచ్చెను. ఆ యలలను యంత్రము నాడి యనుకొనెను. చివరకు గడియారమును చుట్టచుట్టిన తువాలునకు బిగించితిమి. రెండుసార్లు గీతలు మాత్రము చూపి, మూడవసారి 68 అని చూపెను. "తువాలునకు కూడ గుండె యున్నదండీ!" అని వెనుక వరుసలోని పిల్ల యనగా తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వితిమి, కాని యా నవ్వులో మాకొక పాతసంగతి జ్ఞాపకమునకు వచ్చెను.

4. మా పొరపాటు

2021వ సంవత్సరము మే మాసము. కోవిడు వ్యాధి రెండవసారి విజృంభించిన దినములు. మా వీధిచివర నొక వృద్ధదంపతులుండిరి. ఆయనకు నాలుగు దినములుగ జ్వరము. విజ్ఞానశాస్త్రము బోధించువారమని మాపై వారికి గురి. మేము ఆక్సీమీటరును తీసికొనిపోయి ఆయన వ్రేలికి తగిలించితిమి. అది 94 చూపెను. మఱల చూచితిమి, 95. "భయము లేదు. రేపటివఱకు చూతము" అని చెప్పి లేచితిమి.

ఆయన భార్య గుమ్మమున కడ్డముగ నిలిచి, "మాస్టారూ, మీరు చదువుకున్నవారు. ఆ అంకె సంగతి నాకు తెలియదు. కాని ఈయన ఒక మాట మొదలుపెట్టి చివరిదాకా చెప్పలేకపోతున్నాడు. నిన్న ఇట్లా లేదు" అని పలికెను. మేము యంత్రమును ఆమెకు మఱల చూపితిమి. ఆమె దానివంక చూడనైన చూడలేదు. తన మేనల్లునికి కబురు పంపి, ఆ రాత్రియే భర్తను ఆసుపత్రికి తీసికొనిపోయెను. అచ్చట ధమని నుండి రక్తము తీసి పరీక్షింపగా, ప్రాణవాయువు మా యంత్రము చూపినదానికంటె చాల తక్కువయని తేలెను. మూడు వారములకు ఆయన ఇంటికి తిరిగివచ్చెను. తెల్లవాఱువఱకు ఆగియున్న యెడల ఏమగునో తలంచుటకైనను మాకు ధైర్యము చాలదు.

ఆమె చేసినదేమి? నలువది ఏండ్లు ఆ మాట విన్న చెవితో, నేటి మాటను నిన్నటి మాటతో పోల్చినది. అదియు కొలతయే. మేము అంకెను చూచి మనుష్యుని చూచుట మానితిమి. నిమిషమునకు ఆయన యెన్నిసార్లు ఊపిరి తీయుచున్నాడో లెక్కించుట మా చేతిలోని పని; దానికి యంత్రమే యక్కఱ లేదు. ఆ పనిని మేము చేయలేదు.

తరువాత మేము చదివి తెలిసికొన్న సంగతి యిది. 2020వ సంవత్సరము డిసెంబరులో అమెరికాలోని మిషిగను విశ్వవిద్యాలయ వైద్యులు ఒక పరిశోధనను ప్రకటించిరి. ఆక్సీమీటరు 92 మొదలు 96 వఱకు చూపిన సమయములలో, అదే వేళ ధమనినుండి తీసిన రక్తముతో పోల్చిచూచిరి. నల్లజాతి రోగుల కొలతలలో 100కి 11.7 చోట్ల నిజమైన యంకె 88కి లోపుగ నుండెను. తెల్లజాతివారిలో నట్టివి 100కి 3.6 మాత్రమే. చర్మమునకు నలుపు నిచ్చు మెలనిను అను పదార్థము కూడ వెలుగును మ్రింగును. ముందు చెప్పిన పట్టికను తయారుచేయునప్పుడు అన్ని రంగుల చర్మము గలవారిని తగినంతగ చేర్చనియెడల, ఆ లోపము పట్టికలో దాగి, పట్టిక నుండి ప్రతి రోగి వ్రేలికిని ప్రాకును. చల్లబడిన వ్రేళ్లు, గోళ్ల రంగు, రక్తప్రసారము మందగించుట మున్నగునవి కూడ కొలతను చెఱచును. 2025వ సంవత్సరము జనవరిలో అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ పరిపాలనా సంస్థ, ఈ యంత్రములను వేర్వేఱు చర్మపు రంగులు గల మఱింతమందిపై పరీక్షింపవలెనని ముసాయిదా సూచనలు ప్రకటించినది. పలురంగుల చర్మము గల మన దేశమున నీ విషయము మనకు పరాయిది కాదు. రేపు ఇట్టి యంత్రమును తయారుచేయువారిలో మీరును ఉండిన, పట్టికలో మొదట ఎవరి వ్రేళ్లు లేవో చూడుడు.

ఇంతమాత్రమున ఆక్సీమీటరును పాఱవేయరాదు. అది యెందఱినో కాపాడినది. సాక్షి యొకప్పుడు పొరబడినంత మాత్రమున సాక్ష్యమే వలదనువారు గలరా? ఇంకొక సాక్షిని కూడ పిలువవలెను, అంతియే.

5. అంకెలను చదువు విధము

సాక్ష్యమును విచారించుట యెట్లో ఒక పెద్ద పరిశోధన వలన నేర్చుకొందము. 2019లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ వైద్యులు ఆపిల్ గడియారమును ధరించిన 4,19,297 మందిని గూర్చిన ఫలితములను ప్రకటించిరి. హృదయపు పైగదులు లయ తప్పి కొట్టుకొను వ్యాధి యొకటి గలదు. దాని వలన మెదడులో రక్తపు గడ్డ యడ్డుపడి పక్షవాతము వచ్చు ప్రమాద మున్నది. గడియారము ఆ వ్యాధిని కనిపెట్టగలదా యని పరీక్ష. 2,161 మందికి "మీ నాడి లయ తప్పినది" అను హెచ్చరిక వచ్చెను. ఇది 100కి 0.52. వారిలో 450 మంది రొమ్మున నంటించుకొను పట్టీని ధరించి తిరిగి పంపిరి. ఆ పట్టీలలో వ్యాధి కనబడినది 100కి 34 మందిలో మాత్రమే.

తొందరపాటు గల పాఠకుడు, "అట్లయిన 66 మంది విషయమున గడియారము అబద్ధమాడినది" అనును. నిదానించి చూడుడు. హెచ్చరిక వచ్చిన చాలదినములకు గాని పట్టీ రొమ్మున నంటింపబడలేదు. ఈ వ్యాధి వచ్చుచు పోవుచు నుండునది. నిన్న వాన కురిసెనని ఒకడు చెప్పగా, నేడు ఆకాశము చూచి వానిని అబద్ధీకుడందుమా? పట్టీ రొమ్మున నున్న సమయముననే హెచ్చరిక వచ్చినప్పుడు పోల్చిచూడగా, 100కి 84 హెచ్చరికలు నిజమని తేలెను. 34, 84 రెండును నిజములే. అవి వేర్వేఱు ప్రశ్నలకు సమాధానములు. ఏ యంకెను చదివినను, "ఇది ఏ ప్రశ్నకు సమాధానము?" అని మొదట నడుగుడు.

6. కల్పితలోకము

ఇక బాలిక యడిగిన ప్రశ్నకు వత్తము. మన రెండు కన్నుల నడుమ దూరము సుమారు 6 సెంటీమీటర్లు. కావున ఒకే వస్తువు రెండు కన్నులకు కొంచెము భేదముగ కనబడును. బొటనవ్రేలిని ముఖమున కెదురుగ నుంచి, ఒక కన్నును మూసి చూచి, పిమ్మట కన్ను మార్చి చూడుడు. వ్రేలు ప్రక్కకు దుమికినట్లుండును. ఈ రెండు చిత్రములను మెదడు కలిపి లోతును తెలిసికొనును. 1838లో ఇంగ్లండునందు చార్లెస్ వీట్‌స్టన్ రెండు చిత్రములను రెండు కన్నులకు వేర్వేఱుగ చూపి, చదునైన కాగితమునుండి లోతు పుట్టించు స్టీరియోస్కోపును వివరించెను. 1968లో అమెరికాయందు ఐవాన్ సదర్లాండు తలకు ధరించు దృశ్యయంత్రమును లోకమునకు చూపెను. అది పైకప్పు నుండి వ్రేలాడుచు, తల యెటు తిరిగినను తెలిసికొని, దానికి తగినట్లు చిత్రమును మార్చుచుండెను.

ఈ "తెలిసికొనుట" యన్నది సెన్సారు పని. నేటి కండ్లద్దములలో, నడకలను లెక్కించు సాధనమునకు తోడు, తిరుగుడును కొలుచు వేఱొక సాధన మున్నది. తల తిరిగినది మొదలు చిత్రము మారువఱకు పట్టు కాలము సెకనులో ఏబదవ వంతునకు, అనగా 20 మిల్లీసెకనులకు మించరాదని ఇంజనీర్లు యత్నింతురు. ఏల? మన లోపలి చెవిలో మూడేసి అర్ధచంద్రాకారపు గొట్టములుండి తల కదలికను మెదడునకు తెలుపును. చెవి "తిరిగితిమి" అనుచుండ, కన్ను "ఇంకను లేదు" అనినచో, బస్సులో పుస్తకము చదివినప్పటివలె తల తిరిగి వాంతి వచ్చును. ఇచ్చటను ఇద్దఱు సాక్షులు కలియవలెను.

దీనివలన రోగి కేమి లాభము? కాలిన గాయములకు కట్టు మార్చుటను చూచినవారు దానిని మఱువజాలరు. బలమైన మందులిచ్చినను ఆ సమయమున నొప్పి భరింపరానిది. అమెరికాలో సియాటిలు నగరమునందలి వాషింగ్టను విశ్వవిద్యాలయమునకు చెందిన హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సను అను పండితులు, కట్టు మార్చు వేళ రోగికి కల్పితలోకమును చూపిన నేమగునని విచారించిరి. 2000వ సంవత్సరమున కాలిన గాయములు గల ఇద్దఱు యువకులపై చేసిన మొదటి పరీక్షను ప్రకటించిరి. తరువాత వారి బృందము మంచులోకము నొకదానిని కల్పించెను. అగ్నిచే కాలినవాడు మంచులోయలో తేలిపోవుచు, మంచుబొమ్మలపైకి మంచుముద్దలు విసరుచుండును. మనస్సు గమనింపగల శక్తి పరిమితమైనది. నొప్పిని నొప్పిగ తెలిసికొనుటకు కూడ గమనిక కావలెను. ఆ గమనికలో పెద్దభాగమును మంచులోకము తీసికొనగా నొప్పికి మిగులునది తక్కువ. ఇది మందునకు బదులు కాదు; మందునకు తోడు.

2021వ సంవత్సరము నవంబరులో అమెరికా ఆహార ఔషధ పరిపాలనా సంస్థ, చిరకాలపు నడుమునొప్పి గల పెద్దలకు ఇట్టి యొక యంత్రమును అనుమతించెను. దానిని 179 మందిపై పరీక్షించిరి. చికిత్స 8 వారములది. ఒక పక్షమునకు నొప్పిని అదుపుచేసికొను పద్ధతులను నేర్పు కల్పితలోకమును, రెండవ పక్షమునకు అట్టి బోధలేని లోతులేని చిత్రములను చూపిరి. మొదటి పక్షమున 100కి 66 మందికి నొప్పి 30 శాతము కంటె హెచ్చుగ తగ్గినది. రెండవ పక్షమున 41 మందికి తగ్గినది. 66ను చెప్పి 41ని దాచు వ్యాపారి సగము సత్యమే చెప్పును. యంత్రపు ఘనత 66 కాదు. ఆ రెంటి నడుమనున్న భేదము.

ఇప్పుడొక ప్రశ్న. ఈ పరీక్షలలో నొప్పిని కొలిచిన సెన్సారు ఏది? విద్యార్థులారా, ఏదియు కాదు. రోగినే యడిగిరి: "0 మొదలు 10 వఱకు నీ నొప్పి యెంత?" అని. 2004లో హాఫ్‌మన్ బృందము ఆరోగ్యవంతులైన స్వచ్ఛందుల పాదమునకు వేడి సోకించి, మెదడును చిత్రించు యంత్రముతో చూడగా, కల్పితలోకమున నున్నప్పుడు నొప్పికి సంబంధించిన ఐదు భాగములలో చలనము తగ్గెను. ఆ చిత్రము రోగుల మాటకు బలము నిచ్చినది. కాని మాటకు బదులు నిలువలేదు. వెలుగును, వేగమును, విద్యుత్తును కొలుచు యంత్రములు వేలకొలది యున్నను, నొప్పి యెంతయో చెప్పుటకు నొప్పిపడువానికంటె దగ్గఱి సాక్షి లేడు. మా వీధిచివరి యిల్లాలు మాకు నేర్పినదియు నిదియే.

7. ఈ విద్యను చదువదలచువారికి

ఈ విద్యలో ప్రవేశింపగోరువారు భౌతికశాస్త్రమును గణితమును ఎట్లును చదువవలెను. శరీరశాస్త్రమును "మార్కుల కక్కఱలేదు" అని విడువరాదు. గుండె యెట్లు కొట్టుకొనునో యెఱుగనివాడు గుండెను కొలుచు యంత్రమును సరిగ చేయలేడు. హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలలోను, సంగారెడ్డి జిల్లా కంది గ్రామమునందలి ఐ.ఐ.టి. హైదరాబాదులోను బయోమెడికల్ ఇంజనీరింగు శాఖలు గలవు. ఇంజనీరగుటకు వీలులేనివారు నర్సులు కావచ్చును, ఆసుపత్రి యంత్రములను బాగుచేయువారు కావచ్చును. రోగి యెదుట నిలిచి అంకెను, ముఖమును రెంటిని చూచువారు వారే.

అభ్యాసములు

1. వారము దినములు ఉదయము లేచిన వెంటనే మీ నాడిని నిండు నిమిషము లెక్కించి పట్టిక వ్రాయుడు. సరాసరి కట్టుడు. జ్వరము వచ్చిన దినమున దానితో పోల్చుడు.

2. ఇంటిలో నిద్రించుచున్న పెద్దవారి ఊపిరిని, వారికి తెలియకుండ, నిమిషము లెక్కించుడు. వారికి తెలిసినచో లెక్క ఏల మారును?

3. 4,19,297 మందిలో 2,161 మంది యెంత శాతము? లెక్కకట్టి మేము వ్రాసిన యంకెతో సరిచూడుడు.

4. ఆకుపచ్చని దీపము గల గడియారము, చేతిని ఆడించినప్పుడు తప్పుచూపుటకు కారణమును నాలుగు వాక్యములలో వ్రాయుడు. ఆ తప్పును తగ్గించుటకు నడకను లెక్కించు సాధనమును ఎట్లు వాడుకొనవచ్చునో ఆలోచింపుడు.

5. మీ యింట నొకరికి ఏదైన నొప్పి యున్నయెడల, వారము దినములు ప్రతి సాయంకాలమును "0 మొదలు 10 వఱకు ఎంత?" అని యడిగి వ్రాసికొనుడు. అంకెను వ్రాసిన పిదప వెంటనే లేచిపోక, వారు చెప్పు తక్కిన మాటలను కూడ వినుడు. వానిని ప్రక్క గడిలో వ్రాయుడు.

ఐదవ అభ్యాసపు పట్టికలను, పేరులు వ్రాయక, వేసవి సెలవుల పిదప విజ్ఞానశాస్త్రపు గదికి తెండు. రెండు గడులలో ఏది మనకు హెచ్చు సంగతులు తెలిపినదో కలిసి చూతము.